ఎడమవైపు అంగుళం

"చెయ్యెత్తమ్మాయ్," అంది బుల్లెమ్మ, కోడలికి టేపు చుడుతూ.

హేమశ్రీ చెయ్యెత్తింది గానీ ఊపిరి వదల్లేదు. రావులపాలెంలో టైలర్లకు కరువు లేకపోయినా ఆ ఇంట్లో ఆడవాళ్ల జాకెట్లన్నీ అత్తగారే కుడుతుంది. తన జాకెట్లయితే ఎవర్నీ ముట్టుకోనివ్వదు. తనే ఉతుక్కుని తువ్వాలు కింద దాచి ఆరేసుకుంటుంది. పాత నేతచీర చిరిగితే పనిమనిషికి కూడా ఇవ్వదు, ముక్కలు చేసి బీరువాలో పెట్టి తాళం వేస్తుంది. ఇంత చాదస్తమూ ఇంత పిసినారితనమూ ఒక్క మనిషిలో ఎలా పట్టాయా అని హేమశ్రీ నవ్వుకునేది. ఇవాళ నవ్వు రాలేదు.

"ఎడమవైపు అంగుళం పెరిగిందేంటి? అట్లతద్దికి కుట్టినప్పుడు సమంగానే ఉంది గదా."

"ఒళ్లొచ్చిందేమోనండి అత్తయ్యగారూ."

"ఒళ్లొస్తే ఒకవైపే వస్తుందా?"

హేమశ్రీ పైట సర్దుకుంది. పెళ్లికి ముందు, హైదరాబాదులో ఉద్యోగం చేసే రోజుల్లో, నిండుగా కనబడాలని రొమ్ముల్లో సిలికాన్ ఇంప్లాంట్లు పెట్టించుకుంది. ఆ మచ్చలు గడ్డలు తీసిన మచ్చలని మొగుడికి చెప్పింది. తొమ్మిదేళ్లు ఏమీ కాలేదు. నెల రోజులుగా ఎడమవైపు వాపు. ఫోన్‌లో వెతికితే, ఇంప్లాంట్ల చుట్టూ అరుదుగా లింఫోమా అనే కేన్సర్ వస్తుందని కనబడింది. అప్పట్నుంచి అన్నం సయించడం లేదు. చచ్చిపోతానన్న భయం కంటే ఇంట్లో తెలుస్తుందన్న భయమే ఎక్కువగా ఉంది.

మర్నాడు చీరలకని రాజమండ్రి బయలుదేరింది. బుల్లెమ్మ వచ్చి కారులో కూర్చుంది.

"ఎండలో మీరెందుకండీ?"

"నాకూ పనుందిలే."

అత్తగారిని బట్టల కొట్లో కూర్చోబెట్టి, ఇప్పుడే వస్తానని చెప్పి, హేమశ్రీ వెనక వీధిలోని ఆసుపత్రికి పరిగెత్తింది. డాక్టర్ ఆశాజ్యోతి స్కాన్ చూసింది.

"ఇంప్లాంట్ చుట్టూ నీరు చేరింది. సూదితో తీసి పరీక్షకి పంపుదాం. గరుకుగా ఉండే రకానికే ఈ బెడద ఎక్కువ. ఒకవేళ కేన్సరే అయినా, తొందరగా పట్టుకుంటే ఇంప్లాంటూ దాని చుట్టూ ఉన్న పొరా తీసేస్తే చాలామందికి నయమవుతుందమ్మా. వెంట ఎవరొచ్చారు?"

"ఎవరూ రాలేదండి."

"నేనొచ్చానండి," అంది గుమ్మంలోంచి బుల్లెమ్మ.

హేమశ్రీ గబుక్కున లేచి నిలబడింది. సూదికి ఏర్పాట్లు చూడ్డానికి డాక్టరు పక్కగదిలోకి వెళ్లింది.

"అన్నీ విన్నారా?"

"నిన్న టేపు పట్టుకున్నప్పుడే అనుమానం వచ్చింది."

"మిమ్మల్నందర్నీ మోసం చేశానండి," అంటూ హేమశ్రీ ఏడ్చేసింది. "ఇప్పుడివి తీసేస్తే నలుగురిలోకి ఎలా వెళ్లను? చూసినవాళ్లు ఏమనుకుంటారు?"

"ఎవరికీ తెలీదు. జాకెట్లు కుట్టేది నేనే గదా."

బుల్లెమ్మ కోడలి చెయ్యి తీసుకుని, తన పైట కిందకి పోనిచ్చి, జాకెట్టు ఎడమవైపు నొక్కిపట్టింది.

లోపల పాత నేతచీర ముక్కలే ఉన్నాయి.