బుచ్చవ్వ అటుక, ఎల్లంతకుంట

సిరిసిల్ల నుంచి కోరుట్ల పోయే బస్సును కథలాపూర్ దాటగానే పోలీసులు ఆపారు. హెడ్ కానిస్టేబుల్ మొగిలయ్య ఎక్కి, ఎవరినీ ఏమీ అడగకుండా తిన్నగా కిటికీ పక్క సీటు దగ్గరికి వెళ్లాడు.

"నీలం సంచి. కండ్లద్దాలు. నువ్వే. దిగు."

రాజమల్లు దిగాడు. అవి 1991 నాటి రోజులు. ఆ రోడ్డు మీద పోలీసులు దిగమంటే ఎందుకని అడిగేవాళ్లు లేరు. బస్సులో ఉన్నవాళ్లంతా ఉన్నట్టుండి బయటి పొలాలను శ్రద్ధగా చూడసాగారు.

ఠాణాలో ఎస్సై సంచిని బల్ల మీద కుమ్మరించాడు. సబ్బు, తువ్వాల, దుప్పటి, డబ్బా నిండా సకినాలు. వాటి అడుగున ఎర్రక్షరాల కరపత్రాల కట్ట.

"పొద్దుగాల ఫోన్ అచ్చింది. గీ బస్సుల, గీ సంచిల కాయితాలు పోతున్నయని. దుప్పటి, సకినాలు సుత సదురుకున్నవంటే అడివిల శాన దినాలే ఉండేటట్టున్నవ్. ఏ దళం?"

"దళం కాదు సార్. పీహెచ్‌డీ."

మొగిలయ్య అదేదో కొత్త దళం అనుకొని పేరు రాసుకున్నాడు.

రాజమల్లు సిరిసిల్ల నేతపని వాళ్ల అబ్బాయి. తండ్రి పాల్గొన్న పాత కూలి సమ్మె మీద థీసిస్ రాస్తున్నాడు. ఆ సమ్మె కరపత్రాలు లోకంలో ఇంకెక్కడా లేవు. ఎల్లంతకుంటలో బుచ్చవ్వ అనే ముసలామె ఇంటి అటక మీద, పగిలిన కుండల వెనుక దొరికాయి. ఆమె వాటిని దోమలకు పొగ పెట్టడానికి దాచుకుంది.

"దొరికినయి గద. మరి మొఖం గట్ల ఏలాడేసుకున్నవేంది?" అన్నాడు ఎస్సై.

"మా గైడు ఒప్పుకుంటలేడు సార్."

గైడు ఆ కరపత్రాల మీద రాసిన అధ్యాయాన్ని బల్ల మీద పడేసి కడిగేశాడట. "కింద ఆధారమని ఏం రాశావయ్యా? 'బుచ్చవ్వ అటుక, ఎల్లంతకుంట' అనా? రేపు ఇంకొకడు ఈ కాగితం చూస్తానంటే ఎక్కడికి పోవాలి? ఏ నంబరు అడగాలి? బుచ్చవ్వ నిచ్చెన వేసి పైకెక్కిస్తుందా?"

"లైబ్రరీలకు ఇద్దామంటే ఎర్రక్షరాలు చూడంగనే తలుపులు ఏసుకుంటుండ్రు సార్. నెలాఖరుకు థీసిస్ ఇయ్యకుంటే ఇన్నేండ్ల చదువు బూడిదే. మా నాయిన సమ్మె చేసిండన్న ముచ్చట సుత ఎవలు నమ్మరు" అన్నాడు రాజమల్లు ఎస్సైతో.

ఎస్సై కరపత్రాలు తిరగేశాడు. గజానికి కూలి ఎంత పెంచాలో, ఎవరు పెంచడం లేదో ఉంది. ఎప్పటి మాటో. ఆయన మనసు మెత్తబడింది.

"గిట్టనోడెవడో ఫోన్ చేసిండు. నీ పాలోళ్లే అయుంటరు. ఇంటికి పో. మొగిలయ్యా, గివి చాయ్ పొయ్యిల పెట్టు."

ఇంకొకడైతే బతుకు జీవుడా అని పరుగు తీసేవాడు. రాజమల్లు వెళ్లి కట్ట మీద బోర్లా పడ్డాడు.

"వద్దు సార్! మీ కాల్మొక్త, కేసు రాయుండ్రి!"

కేసు వద్దని కాళ్లు పట్టుకున్నవాళ్లను ఎస్సై చాలామందిని చూశాడు. రాయమని పట్టుకున్నవాణ్ని చూడటం ఇదే మొదలు.

"ఫోన్ అచ్చిన సంగతి రిజిస్టర్ల ఎక్కింది గద సార్. రేపు పెద్దసారు అచ్చి, ఫోన్ అచ్చింది, సంచి దొరికింది, మరి కాయితాలు ఏవి అని అడిగితే? చాయ్ కాసుకున్నమని చెప్తరా?"

ఎస్సైకి చెమట పట్టింది. నిజమే మరి.

"సరే. నీ పేరు రాయను. బస్సుల దొరికినయని రాపిస్త" అన్నాడు.

పంచనామా మొదలైంది. 'ఎర్ర కరపత్రాలు, కట్ట ఒకటి' అని మొగిలయ్య ఒక్క ముక్కలో తేల్చేశాడు.

"గట్ల కాదన్నా! దేని నంబరు దానికే ఎయ్యాలె. మీద తేదీ ఉంటే తేదీ. ఎవలు అచ్చేసిండ్రు, ఏ మూలకు చినిగింది, అన్ని రాయాలె."

మొగిలయ్య ఎస్సై వైపు దీనంగా చూశాడు. ఎస్సై గోడ వైపు చూశాడు. నకలు కూడా కావాలనేసరికి, "కార్బన్ లేదు" అని మొగిలయ్య తప్పించుకోబోయాడు. రాజమల్లు చొక్కా జేబులోంచి కార్బన్ కాగితాలు తీసి మర్యాదగా అందించాడు.

చాయ్ హోటల్ బాలయ్య సాక్షి సంతకం చేసేసరికి సకినాల డబ్బా ఖాళీ అయింది. సంచి కూడా కేసు సొత్తులో చేరిపోయింది. కాగితాలు బీరువాలోకి వెళ్లాయి.

"ఎవరన్న అచ్చి చూస్తమంటే చూపిస్తరా సార్?"

"ఎవడస్తడయ్యా గీడికి?"

"పరిశోధకులు."

"చూపిస్త! ఇగ నడువు నాయినా!"

సబ్బు, తువ్వాల దుప్పట్లో చుట్టి చంకన పెట్టుకొని రాజమల్లు సిరిసిల్ల బస్సెక్కాడు. దిగీ దిగగానే బస్టాండు పక్కనున్న రాధ ఎస్టీడీ బూత్‌లోకి పరిగెత్తాడు. గైడుకు ఫోన్ కలిపి, ఠాణా పేరు, కేసు నంబరు, సొత్తు నంబరు ఒత్తి ఒత్తి చదివాడు.

గైడు నంబర్లన్నీ మళ్లీ చెప్పించుకొని రాసుకున్నాడు.

"ఇదయ్యా ఆధారమంటే!" అన్నాడు గైడు.

రాజమల్లుకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇప్పుడిక తండ్రి చేసిన సమ్మెను ఎవరూ కాదనలేరు. అద్దాలు తుడుచుకుంటూ బూత్‌లోంచి బయటికి వచ్చాడు.

రాధ బిల్లు చింపి ఇస్తూ అడిగింది: "అన్నా, పొద్దుగాల పోలీసోళ్లకు ఫోన్ చేసి చెప్తివి గదా, గా నీలం సంచోడు దొరికిండా?"