పైడితల్లి పాడె

దగ్గరికి జరగండర్రా, ఇది గట్టిగా చెప్పుకునే కథ కాదు.

మనిషి లేకుండా నడిచే బియ్యం బండ్లు వచ్చాక, పండించిన ఊరికైనా వంతు వస్తేనే గింజ. ఆ ఏడు గెడ్డవలస వంతు ఎక్కడో తప్పిపోయింది. రోజూ నలభై బండ్లు ఊరి మీదుగా పోయేవి, ఒక్కటీ ఆగేది కాదు. పాడె ఎదురొస్తే మాత్రం ఆగి, పోయినవాళ్ల పేరడిగి, దినవారాలకని ఒక బస్తా దించి, వంతుల పట్టీలోంచి ఆ పేరు కొట్టేసి పోయేవి.

పైడితల్లి ఇంట్లో మూడు రోజులుగా పొయ్యి వెలగలేదు. మనవరాలు ఏడవడం కూడా మానేసింది. అది చూసి పైడితల్లి తనకు తానే పాడె కట్టించుకుని, దారికడ్డంగా పడుకుంది.

"ఊపిరి బిగబట్టు అత్తా, పొట్ట కదుల్తంది" అంది కోడలు నూకరత్నం.

"పొట్టెక్కడుందే, కదల్డానికి!"

బండి వచ్చి ఆగింది. "చనిపోయినవారి పేరు చెప్పండి" అని మెత్తగా అడిగింది. నూకరత్నం అత్త ముఖం వైపు చూసింది. చెబితే అత్తకు ఈ జన్మలో మరో గింజ రాదు. బండి రెండోసారి అడిగింది.

"సెప్పీయే" అని పెదవి కదలకుండా గొణిగింది పైడితల్లి. "పిల్ల సూస్తంది."

నూకరత్నం చెప్పింది. బస్తా దిగింది.

ఆ పూట గంజి కాచి పిలిస్తే, "సచ్చినోళ్లకి కూడేటే?" అని నవ్వి, గిన్నె మనవరాలి వైపు జరిపింది పైడితల్లి. తర్వాత ఊరికి వంతు వచ్చినా ఆమెకు రాలేదు. కార్తీకం దాటకుండానే పోయింది. ఈసారి నిజంగానే పాడె మోసుకెళ్తే బండి ఆగి పేరడిగింది. చెబితే, అలాంటి మనిషే లేదంది.

ఉందర్రా. గుర్తుపెట్టుకుని, మీ పిల్లలకు పేరుతో సహా చెప్పండి.