తెల్లారింది, లే

“ఈ ఖాళీ ఏంటయ్యా ఇంత పొడుగున?” అన్నాడు నిర్మాత, తెర మీద నిద్రపోతున్న రాకుమారిని చూపిస్తూ.

ఈ ప్రశ్న వస్తుందని ఎడిటర్ భయపడుతూనే ఉన్నాడు.

జనం విరగబడి చూసిన పిల్లల సంగీత నాటకం అది. ఇళ్లల్లో కూర్చుని టీవీలో చూసుకునేందుకు దాన్నిప్పుడు సినిమాగా తీశారు. మంత్రగత్తె శాపం పెట్టి రాకుమారిని నిద్రపుచ్చుతుంది. చివర్లో కోట వంటవాడు ప్రేక్షకుల వైపు తిరిగి, “పిల్లలూ, తెల్లారింది లే అని అందరూ పిలవండి” అంటాడు. నాటకంలో అయితే హాలు దద్దరిల్లిపోయేది. ఆఖరి పిల్ల గొంతు కూడా వినపడ్డాకే రాకుమారి కళ్లు తెరవాలన్నది ఆ నాటకం వాళ్లు పెట్టుకున్న నియమం. ఎంతసేపైనా సరే, అంతవరకూ ఆ అమ్మాయి రెప్ప కదిపేది కాదు.

సినిమాలో ఎదురుగా పిలిచేవాళ్లు ఉండరు. అందుకని వంటవాడి మాట తర్వాత ఎడిటర్ రాకుమారి ముఖాన్ని అలాగే వదిలేశాడు. పాట లేదు, మాట లేదు.

“పిల్లలు పిలవాలి కదా సార్,” అన్నాడు.

“పిలవడానికి ఇంతసేపా? లోపలికెళ్లి మంచినీళ్లు తాగి రావచ్చు. టీవీ పాడైందనుకుంటారు.”

“నాటకం హాల్లో ఇంతకన్నా ఎక్కువే ఆగేవాళ్లు.”

“అక్కడ చేతిలో టికెట్ ఉంటుంది. ఇక్కడ రిమోట్ ఉంటుంది.”

అది కాదనలేని మాట. ఎడిటర్ తన కూతురికి మాట తడబడుతుందని చెప్పాడు. నత్తి అనడానికి నోరు రాలేదు. నాటకానికి తీసుకెళ్లిన రోజు హాలంతా పిలిచి ఊరుకున్నాక కూడా తన కూతురు ఒక్కతే మాట పెగలక నిలబడిపోయిందని, రాకుమారి ఆ పిల్ల పిలుపు పూర్తయ్యేదాకా కదలకుండా పడుకుని అప్పుడు లేచిందని చెప్పాడు. ‘నేనే లేపాను’ అని కనపడినవాళ్లందరికీ చెప్పుకుంటోందట. ఈ సినిమా కోసం కళ్లల్లో వత్తులేసుకుని ఎదురు చూస్తోందట.

నిర్మాత చెడ్డవాడేం కాదు.

“నాకూ పిల్లలున్నారయ్యా. కానీ ఒక్క పిల్ల కోసం అన్ని ఇళ్లనీ ఆపలేను. ఊపిరి పీల్చి వదిలేంత ఉంచు, మిగతాది తీసెయ్,” అని భుజం తట్టి వెళ్లిపోయాడు.

ఇంక చేసేదేముంది. దగ్గులు, నసుగుళ్లు, మాటకీ మాటకీ మధ్య వెలితి, ఇవన్నీ అతుకు తెలియకుండా తీసెయ్యడంలో ఎడిటర్ చెయ్యి తిరిగినవాడు. ఈ ఒక్క ముక్కని మాత్రం తీసి, మళ్లీ పెట్టి, మళ్లీ చూసుకున్నాడు. చివరికి తీసేశాడు.

సినిమా టీవీలో వేసే సాయంత్రం రానే వచ్చింది. అన్ని ఇళ్లలో ఒకేసారి వస్తుంది, మధ్యలో ఆపుకునే వీలు లేదు. భార్య డ్యూటీ నుంచి ఇంకా రాలేదు. కూతురు చిట్టి కొత్త గౌను వేసుకుని, సోఫా వదిలేసి టీవీ ముందు నేల మీద కూర్చుంది.

“నాన్నా, ఇ... ఇవాళ కూడా నే... నే...”

“నువ్వే లేపుతావు. నువ్వు కాక ఇంకెవరు,” అన్నాడు. కూతురు మాట కోసం అవస్థ పడుతుంటే చూడలేడు. చటుక్కున తనే అందించేస్తాడు.

“మ... మం...”

“మంచినీళ్లా? ఇదిగో తెస్తున్నా.”

చిట్టి వేలు టీవీలో మంత్రగత్తె వైపు చూపిస్తూనే ఉంది. అయినా తెచ్చిన నీళ్లు బుద్ధిగా తాగేసింది.

ఈసారి రాకుమారి ఆగదని ముందే చెప్పేద్దామని అతను రెండు మూడుసార్లు నోరు తెరిచాడు. వెలిగిపోతున్న ఆ ముఖం చూసి మాట మింగేశాడు. పాటలు ఒక్కొక్కటే అయిపోతున్నాయి. తను కూర్చిన సినిమా, దేని తర్వాత ఏం వస్తుందో కంఠతా వచ్చు. ఏం లాభం, ఒక్క రెప్పపాటు కూడా వెనక్కి లాగి పట్టుకోలేడు.

వంటవాడు ఇటు తిరిగాడు. చిట్టి లేచి నిలబడి పిడికిళ్లు బిగించింది.

“తె... తె... తెల్...”

రాకుమారి కళ్లు తెరిచింది. వాద్యాలన్నీ ఒక్కసారిగా మోగాయి. రాజూ రాణీ పరుగెత్తుకొచ్చారు, వంటవాడు గరిటె ఎగరేశాడు. ఆ హడావిడిలో చిట్టి “తెల్లారింది, లే” అని మాట పూర్తి చేసింది. లేపడానికి అక్కడ ఎవరూ నిద్రపోవడం లేదు.

ఎడిటర్ తలెత్తలేకపోయాడు. తన చేతులతో తనే కోసేశాడు. ఇంక ఏడుపు మొదలవుతుందని కాచుకుని కూర్చున్నాడు.

చిట్టి ఏడవలేదు. వచ్చి పక్కన కూర్చుని, పెద్ద ఆరిందాలా అతని చెయ్యి తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది.

“ప... పర్లేదు నాన్నా. త... తను కూడా...”

“తను కూడా పడుకుని పడుకుని విసిగిపోయి ఉంటుందిలే తల్లీ,” అన్నాడు గబగబా.

చిట్టి కాదన్నట్టు తల ఊపింది. ఓపిగ్గా మళ్లీ మొదట్నుంచీ ఎత్తుకుంది.

“త... తను కూడా నీ... నీలాగే నాన్నా. నా మా... మాట అయ్యేదాకా ఆ... ఆగదు.”