డాబుకు చలి వేయదు

జనవరి. చలి సున్నాకు పాతిక డిగ్రీలు కిందికి దిగింది. ప్లతోన్ సవేలిచ్ టోపీ లేకుండా, పల్చటి బూట్లతో గ్రంథాలయం మెట్ల ముందు కారు దిగాడు. వెండి జుట్టు నున్నగా దువ్వి ఉంది. టోపీ పెడితే చెదురుతుంది.

మెట్ల పక్కన ముసలమ్మ పూలమ్ముతోంది. పూలు గడ్డకట్టకుండా గాజుపెట్టెలో కొవ్వొత్తి వెలిగించి పెట్టింది.

"చెవులు రాలి కింద పడతాయి నాయనా. టోపీ ఏదీ?"

"ఎర్ర కార్నేషన్లు ఇవ్వు. ఆరు."

"శుభానికా, అశుభానికా?"

"నా పుస్తకానికి సన్మానం."

"అయితే ఐదే. బేసి బతికున్నోళ్లకి, సరి సచ్చినోళ్లకి. ఈ వయసొచ్చాక కూడా ఒకరు చెప్పాలా?"

ఒక పువ్వు వెనక్కి తీసేసుకుంది. సవేలిచ్ పూలు కొనే అలవాటున్న మనిషి కాదు.

లోపలికి వెళ్లి ఆ గుత్తిని గ్రంథాలయం నడిపే ఫైనా చేతిలో పెట్టాడు.

"చివర్లో ఇది నువ్వు నాకివ్వాలి. ఊరి తరఫున. నవ్వుతూ."

"మీ పూలు మీకేనా, ప్లతోన్ సవేలిచ్ గారూ?"

"ఎవరూ తేకపోతేనో?"

నలభై ఏళ్లు ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో కూర్చుని, ఏ మర ఎటు తిప్పాలో ఇంగ్లీషులో రాసిన మనిషి. ఇప్పుడు నిఘంటువు వచ్చింది. డాబు, దర్పం, హడావుడి, మిడిసిపాటు తెలిపే రష్యన్ క్రియలు, జాతీయాలు, వాటికెదురుగా ఇంగ్లీషు. అట్ట మీద ఆయన పేరు, బంగారు అక్షరాల్లో. గ్రంథాలయం గోడకు ఊరి గౌరవ పౌరుల పేర్ల పలక ఉంది. అందులో ఒక్క ఖాళీ మిగిలింది. డిప్యూటీ మేయరు వస్తున్నాడు. ఆయన సరేనంటే ఆ ఖాళీ నిండుతుంది.

"జినాయీదా ల్వోవ్నా ఉంటే ఎంత మురిసిపోయేవారో" అంది ఫైనా. "మా అందరికీ ఇంగ్లీషు నేర్పిన తల్లి."

"ఆఁ. టీ బాగా పెట్టేది" అన్నాడు సవేలిచ్. భార్య పోయి పది నెలలైంది.

"ఈ అద్దాల పెట్టె ఎందుకండీ? పుస్తకం ఉందిగా."

"అచ్చుపుస్తకం ఎవడైనా చూపిస్తాడు. శ్రమ కనపడాలి."

నిఘంటువు చిత్తుప్రతి రాసిన రెండు వందల అట్టముక్కలు పెట్టెలో తనే పేర్చాడు. ఊదా సిరా, గుండ్రటి అక్షరాలు, పక్కన ఎర్ర సిరా దిద్దుబాట్లు. పైన దీపం కూడా పెట్టించాడు.

హాలు నిండింది.

"డాబు కొట్టడానికి మనకు పాతిక మాటలున్నాయి" అని గొంతు సవరించుకున్నాడు. "ఇంగ్లీషువాడు షో ఆఫ్ అని ఊరుకుంటాడు. మనవాడో? నెమలిలా తోక విప్పుతాడు, ముక్కు పైకెత్తుతాడు, ఎదుటివాడి కళ్లలోకి దుమ్ము వదులుతాడు. ఆ తేడా పట్టాలంటే చెవి ఉండాలి."

చెవి ముట్టుకుని చూపించాడు. అది ఇంకా కందిపోయే ఉంది. ఎవరో కిసుక్కుమన్నారు.

"డాబుకు చలి వేయదు. ప్రయోగం వినండి. 'జనవరిలో టోపీ లేకుండా ఊరేగాడు. ఆపైన జలుబు చేసి వారం రోజులు భార్యచేత వీపుకు ఆవాల పట్టీలు వేయించుకుంటూ మూలిగాడు.'"

హాలు గొల్లుమంది. సవేలిచ్ ఉబ్బిపోయాడు.

"తోక విప్పడం. 'విందులో పదిమంది ముందు కవిత్వం చదివాడు. ఇంటికొచ్చి సూపు ఉప్పగా ఉందని గిన్నె విసిరాడు.'"

ఈసారి ఎవరూ నవ్వలేదు.

వెనక వరుసలోంచి బస్సు డ్రైవరు గ్లెబ్ లేచి అద్దాల పెట్టె మీదికి వంగాడు. వంగినవాడు చాలాసేపు లేవలేదు. పక్కవాణ్ణి మోచేత్తో పొడిచాడు. ఇద్దరు నలుగురయ్యారు, నలుగురు పదిమందయ్యారు. ఒకావిడ అద్దం మీద అరచెయ్యి ఆనించింది.

"ఒరేయ్, ఇది చూడరా" అన్న మాట మాత్రం వినపడింది.

శ్రమ కనపడింది అనుకున్నాడు సవేలిచ్. గొంతు ఇంకాస్త పెంచాడు.

గ్లెబ్ కోటు తొడుక్కుని బయటికి నడిచాడు. వెనకే మరికొందరు. సవేలిచ్‌కు ఒళ్లు మండింది. తిట్టబోయేలోగా తలుపు తెరుచుకుంది. భుజాల మీద మంచుతో, చేతుల్లో పూలతో తిరిగొచ్చారు. ఒక్కొక్కరే వచ్చి బల్ల మీద గుత్తి పెట్టి తల వంచారు. ఎవరూ చెయ్యి కలపలేదు. భక్తి అనుకున్నాడు. ఫైనా ఒప్పుకున్నట్టే ఆయన గుత్తి ఆయనకిచ్చింది. నవ్వడం మరిచిపోయింది.

డిప్యూటీ మేయరు కూడా పెట్టె దగ్గర ఆగి, కళ్లద్దాలు తుడుచుకుంటూ వచ్చాడు.

"మరి ఆ పలక మీద ఖాళీ..." అన్నాడు సవేలిచ్.

"నిండుతుంది. ఆ పేరు ఇన్నాళ్లూ గోడెక్కకపోవడం మా తప్పే."

బయట ముసలమ్మ ఖాళీ పెట్టెలో కొవ్వొత్తి ఆర్పేసింది.

"మొత్తం ఊడ్చుకుపోయారు నాయనా! ఎవరికో గానీ, ఏం ప్రేమ!"

"ఎవరికో ఏమిటి? నాకే!"

ముసలమ్మ ఆయన్ని ఎగాదిగా చూసి, గబగబా శిలువ గుర్తు వేసుకుంది.

ఇంట్లో కూజాలు చాలలేదు. పది నెలలుగా ఖాళీగా పడున్న ఊరగాయ సీసాలన్నీ దించి, వంటింటి బల్ల మీద వరసగా పేర్చాడు. రేపు ఫోను చేసి నలుగురికీ చెప్పుకోవాలి కదా, అందుకని పూలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

తను కొనుక్కున్న ఐదూ తప్ప తక్కిన గుత్తులన్నీ నాలుగు, ఆరు, ఎనిమిది. తమ నోటుపుస్తకాలు దిద్దిన జినాయీదా ల్వోవ్నా చేతిరాతను ఊరు మరిచిపోలేదు.