మూత తీయని సీసా

నీళ్ళ సీసాను ఒళ్ళో పెట్టుకుని రసూల్ మదనపల్లె బస్సులో కూర్చున్నాడు. పక్కవాడు కొంచెం జరగమన్నా జరగలేదు. ఊరి భాగ్యమంతా తన ఒళ్ళో ఉంది మరి.

అది 1981. పెద్దమండ్యం పక్కన కొత్తవంకపల్లెకు ఉన్నది ఒక్కటే బావి. ఆ నీళ్ళు తాగి పెరిగిన పిల్లలకు పళ్ళు గారపడతాయి. కొందరికి కాళ్ళు వంకరపోతాయి. చెంగమ్మ మనవరాలు తులసి తొమ్మిదేళ్ళకే గోడ పట్టుకుని నడుస్తోంది.

రెండు రోజుల ముందు జీపులో ఒక ఇంజనీరు వచ్చాడు. మగవాళ్ళను సావిట్లో కూర్చోబెట్టి చెప్పాడు. గాలిమర పెట్టడానికి సర్కారు గ్రాంటు ఇస్తుంది. కరెంటు అక్కర్లేదు. గాలికే మర తిరిగి బావి నీళ్ళను తొట్టిలోకి ఎక్కిస్తుంది. అక్కడ పటిక, సున్నం వేసి నీళ్ళలోని దోషం తీసేస్తారు. అయితే గాలిమర ఒక్కటే, అడిగే ఊళ్ళు నాలుగు. ఎవరి నీళ్ళు ఎక్కువ చెడ్డవని పరీక్షలో తేలితే వాళ్ళకే.

ఇంజనీరు ఇచ్చిన ఖాళీ సీసాను ఊరిపెద్ద గోవిందప్ప తెచ్చి చెంగమ్మ చేతిలో పెట్టాడు. ఊళ్ళో అందరికంటే ఎక్కువ ఆశ ఆమెకే.

"ఆఫీసరు నీళ్ళు పంపమన్నాడు చెంగమ్మా. ఇవి పోతేనే గాలిమర వచ్చేది. నింపి రసూల్‌కియ్యి."

"వస్తే మా తులసి కాళ్ళు బాగవుతాయా అప్పా?"

"వంగినవి ఏమో గానీ, ఇంకెవురి కాళ్ళూ వంగవంట."

చెంగమ్మకు ఆ మాటే చాలు. సీసాను చింతపండు వేసి కడిగి, నింపి, మూత మీద గుడ్డ కట్టి మంగళవారం పొద్దున్నే రసూల్‌కు ఇచ్చింది. రసూల్ గిన్నెలకు కలాయి పూస్తాడు. తగరం కొనడానికి వారం వారం మదనపల్లె పోయేది ఆ ఊళ్ళో అతనొక్కడే. సీసాను పరీక్ష చేసే ఆఫీసులో ఇచ్చి, ఇచ్చానని గోవిందప్పకు చెప్పి మరీ ఇంటికి పోయాడు.

నెలకు జవాబు వచ్చింది. కొత్తవంకపల్లె నీళ్ళలో ఏ దోషమూ లేదు. గాలిమర పెద్దపంజాణి పక్క ఊరికి పోయింది.

గోవిందప్ప ఆ కాగితాన్ని రెండుసార్లు చదివించుకున్నాడు.  సావిట్లో కూర్చున్న ఆంజనేయులనే రైతు తల గోక్కుంటూ అడిగాడు.

"రసూల్ పెండ్లాం పుట్టిల్లు యాడ?"

మైమూన్ బీ పుట్టిల్లు పెద్దపంజాణి. ఇంకేముంది, దొంగ దొరికిపోయాడు. అత్తగారి సీమకు మేలు చెయ్యడానికి రసూల్ దారిలోనే నీళ్ళు మార్చేశాడు. ఇలాంటి తీర్పులు చెప్పడానికి ఊరికి ఒక బీడీ కాలేంత సేపు చాలు. రసూల్ కూతురు తాహెరా కూడా ఆ బావి నీళ్ళే తాగుతుందనీ, ఆ పిల్ల పళ్ళూ గారపట్టాయనీ ఒక్కరికీ తట్టలేదు.

కాగితంలో ఏముందో సావిట్లోనే ఆగిపోయింది. ఆడవాళ్ళ దాకా వచ్చింది ఒకటే ముక్క. రసూల్ సీసాలో నీళ్ళు మార్చేసినాడు.

చెంగమ్మ తులసిని ఎత్తుకుని అతని గుమ్మం ముందు నిలబడింది.

"నేను పట్టిచ్చిన నీళ్ళు యాల పారబోస్తివప్పా? ఈ బిడ్డ కాళ్ళు సూసి గూడా నీకు చేతులెట్లా వచ్చె?"

"అల్లా సాక్షిగా మూత గూడా తియ్యలేదమ్మా," అన్నాడు రసూల్. "ఒళ్ళో పెట్టుకోని పోయినా. నువ్వు కట్టిన గుడ్డ కట్టినట్టే ఇచ్చినా."

ఆమె నమ్మలేదు. ఎవరూ నమ్మలేదు. ఆ రోజు నుంచి అతనికి కలాయికి ఒక్క గిన్నె ఇచ్చినవాళ్ళు లేరు. రెండు నెలలు చూసి, పెండ్లాన్నీ బిడ్డనూ వెంటబెట్టుకుని కుప్పం వెళ్ళిపోయాడు. మూడేళ్ళకు అక్కడే చనిపోయాడు. కడదాకా మూత తియ్యలేదనే చెప్పాడట. పాపం, ఎవరికి చెప్పాడో.

1986లో ఇంకో జీపు వచ్చింది. గ్రాంటు మళ్ళీ ఇస్తున్నారు. పరీక్ష మామూలే, సీసా మామూలే.

అప్పటికి తులసి లేచి నిలబడటం మానేసింది. కానీ చెంగమ్మకు ఇంకో మనవరాలు పుట్టింది. రెడ్డెమ్మకు ఏడాదిన్నర. ఈ మధ్యనే పరుగు నేర్చింది. రోజూ నూనె రాసేటప్పుడు చెంగమ్మ ఆ చిన్న కాళ్ళను చాపి, పక్కపక్కన పెట్టి చూస్తుంది. ఇంకా తిన్నగానే ఉన్నాయి. చూసిన ప్రతిసారీ ఆమెకు భయమే.

ఇప్పుడు సర్పంచు చెంగల్రాయుడు. సీసా తెచ్చి ఆమెకే ఇచ్చాడు.

"ఈసారి ఎవుర్నీ నమ్మేది లేదు చెంగమ్మా. రేపు తొలి బస్సుకు నేనే ఎత్తుకోని పోతా. నువ్వు నీళ్ళు నింపి పెట్టు సాలు."

"అట్లనే అప్పా. ఈ బిడ్డ కాళ్ళన్నా దక్కితే అదే పదివేలు."

ఆమె సీసాను రెండుసార్లు కడిగింది. రెడ్డెమ్మను తులసి ఒళ్ళో కూర్చోబెట్టింది. చెప్పులు వేసుకుంది.

"యాడికవ్వా?" అంది తులసి. "బావి ఈడనే ఉండాది గదా."

"అంత పెద్ద ఆఫీసరుకు మన బావిలో పాడు నీళ్ళు పంపుతామా, పోయినసారి మాదిరే చుట్టాలకు తెచ్చే కొండ ఊటబుగ్గ నీళ్ళే పట్టుకొస్తా" అంటూ చెంగమ్మ సీసాను కొంగులో చుట్టుకుని మూడు మైళ్ళ అవతలి కొండ దారి పట్టింది.