చుక్క తగ్గని బండి

“ఒరేయ్, బానెట్ మీంచి చెయ్యి తియ్యి! ఏం చేస్తున్నావక్కడ?”

ఆ కేకకి బావమరిది ఉలిక్కిపడి, చేతిలో సంచీ వీపు వెనక దాచుకున్నాడు. “ఏం లేదు బావా, ఊరికే...”

“ఊరికే ఏమిటి? ఆదివారం పొద్దున ఈ బండి మీద చెయ్యి వేసేది నేనొక్కణ్ణేనని తెలీదూ?” అంటూ ఇంటాయన చొక్కా చేతులు మడుచుకుంటూ వచ్చాడు.

పక్కింటి మాస్టారు అప్పటికే కాఫీ గ్లాసుతో గోడ దగ్గర హాజరు. ప్రతి ఆదివారం ఇది మామూలే. ఇంజన్లోంచి ఈయన ఆయిల్ గేజీ లాగడం, గుడ్డతో తుడిచి మళ్ళీ ముంచి తీయడం, “చూశారా మాస్టారూ, కొని ఇన్నేళ్లయినా చుక్క తగ్గదు!” అనడం, ఆయన తలూపడం. ఎవరి కారులో ఆయిలు తగ్గినా వాళ్ళని నిలబెట్టి క్లాసు పీకేదీ ఈయనే. “మీ బండి కాస్త పొగ కక్కుతున్నట్టుందండీ,” అని మాస్టారు ఒకసారి నోరు జారితే రెండు వారాలు మాట్లాడలేదు మహానుభావుడు.

గేజీ తీశాడు. తుడిచాడు. ముంచి మళ్ళీ తీశాడు. కొసన తడి తగిలీ తగలనట్టుంది. ఇంకోసారి ముంచాడు. అంతే.

“ఏమండోయ్, ఇవాళ చూపించరేం?” అన్నారు మాస్టారు.

ఈయనకి చెవులు వేడెక్కాయి. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. గేజీని గుడ్డ కింద దాచబోయాడు గానీ, అంత బారు గేజీ ఎక్కడ దాగుతుంది? అప్పుడు కళ్ళు బావమరిది సంచీ మీద పడ్డాయి. లాక్కుని చూస్తే, ఆయిలు డబ్బా!

“అదీ సంగతి! ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టాను చూడండి మాస్టారూ! నా బండిలో ఆయిలు తోడేశాడు!”

“అక్క మీద ఒట్టు బావా, చుక్క తియ్యలేదు.”

“మరి ఈ డబ్బా ఏమిటి?”

వాడు డబ్బా తిరిగి లాక్కోబోయాడు.

“సిగ్గులేదట్రా? అక్క మొన్న మెట్ల మీద జారి చెయ్యి విరగ్గొట్టుకుంది, చూడ్డానికొచ్చానని చెప్పి, ఇదా నువ్వు వెలగబెడుతున్నది?”

వీధిలో పోయేవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఆగారు. మాస్టారు గోడ మీంచి చెయ్యి చాచి డబ్బా అందుకుని, అటూ ఇటూ తిప్పి చూశారు.

“దీని సీలే ఊడలేదండీ. కొత్త డబ్బా ఇది,” అన్నారు మెల్లగా.

బావమరిది మోచేత్తో కళ్ళు తుడుచుకుంటున్నాడు. నలుగురిలో వాణ్ణి దొంగని చేశాడు ఈయన, అదీ తన పరువు కాపాడుకోవడానికి. ఛీ, ఏం బతుకు అనిపించింది. వాడి ముఖంలోకి చూడలేకపోయాడు.

“తప్పయిపోయిందిరా,” అన్నాడు నేల చూపులు చూస్తూ. “ఆ ముక్క ముందే చెప్పి ఏడవచ్చుగా? అసలు కొత్త డబ్బా ఎందుకు తెచ్చావు? ఈ బండికి పైన ఒక్క చుక్కయినా పోయాల్సొచ్చిందా ఎప్పుడైనా?”

వాడు గుమ్మం వైపు చూశాడు. చేతికి కట్టుతో వాళ్ళక్క అక్కడ నిలబడి ఉంది.

“వాణ్ణేమీ అనకండి. మాస్టారి ముందు మీకు తలవంపులు కాకూడదని, శనివారం మధ్యాహ్నం మీరు కునుకు తీసినప్పుడల్లా నేనే పోసేదాన్ని,” అందావిడ. “ఈ వారమే... చెయ్యి విరిగింది కదండీ!”