గంటన్నర లైను

"ఒక్కరే వచ్చారా తాతగారూ?" రోలర్ కోస్టర్ గేటు దగ్గరి అమ్మాయి, లైను మధ్యలో ఉన్న పెద్దాయన పక్కన తాడు పైకెత్తింది. "ఇటు రండి. ఒంటరిగా వచ్చినవాళ్లకి వేరే లైనుంది. అయిదు నిమిషాలే."

ఆయన మాస్కు వెనక నసిగాడు. "పర్లేదమ్మా, నిలబడతాను."

"గంటన్నర పడుతుందండీ."

"పడనీ."

మొహమాటం కాబోలనుకుంది. కరోనా రూల్స్ వచ్చాక ఆ పార్కులో ఒక మనిషికి ఆమె చేయగలిగిన మేలు ఇదొక్కటే. వదులుతుందా? ఆయన్ని అందరికంటే ముందు బండెక్కించింది. రూలు ప్రకారం ముందు రెండు వరుసలు ఖాళీ, వెనక రెండు వరుసలు ఖాళీ. మధ్యలో ఆయనొక్కడు.

మూడు నిమిషాల్లో తిరిగొచ్చాడు.

"ఎలా ఉందండీ?"

"మా ఇంట్లో ఉన్నట్టే ఉంది."

ఆమెకి అర్థం కాలేదు. ఆయన లైను వంకే చూస్తున్నాడు.

"నా వెనకున్న పచ్చగొడుగు ఆవిడ వాళ్ల కోడలి సంగతి చెబుతోందమ్మా. సగంలో ఉండగా నువ్వు లాక్కొచ్చేశావు. నాతో ఒకళ్లు అంతసేపు మాట్లాడి నాలుగు నెలలైంది."

అమ్మాయి ఆయన్ని తిరిగి లైనులోకి తీసుకెళ్లింది. ఆరడుగులకొక గుర్తు, గుర్తుకొక మనిషి. పచ్చగొడుగు ముందున్న గుర్తు మాత్రం ఖాళీగా ఉంది. వెనకవాళ్లు జరగమని ఎంత గొణుగుతున్నా ఆవిడ జరగలేదు.

"రండి," అందావిడ. "కోడలు పెట్టె సర్దుకుంది, అక్కడే ఆగాం."